పట్టువిడుపులు తెలిసిన అణువు

పెట్రోల్ ఇంజెక్టర్ మొనకు మురికి పట్టేది బండి పరుగులో ఉన్నప్పుడు కాదు, ఆపాక. నడుస్తున్నంతసేపూ చల్లటి పెట్రోల్ దాన్ని కడుగుతూనే ఉంటుంది. తాళంచెవి వెనక్కి తిప్పగానే కూలెంట్ ప్రవాహం ఆగుతుంది, లోపలికి వచ్చే గాలీ ఆగుతుంది, సిలిండర్ హెడ్‌లో ఉన్న వేడి మెల్లగా పైకి పాకుతుంది. మొన దగ్గర మిగిలిపోయిన తడిలోంచి పెట్రోల్‌లోని తేలిక భాగాలు ఆవిరైపోతాయి. బరువు భాగాలు, అందులోనూ ఓలెఫిన్లు, ఆక్సిజన్‌తో కలిసి బంక కడతాయి. ఆ బంక వేడికి ఎండి వార్నిష్ పూత అవుతుంది. పాత పింటిల్ రకం ఇంజెక్టర్‌లో పెట్రోల్ బయటికి వచ్చే సందు మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు. అంత సన్నటి దారిలో ఎంత పలచని పూత పడినా ఇరుకే. సన్నని తుంపరగా పడాల్సిన పెట్రోల్ ఓ పక్కకు ధారగా కారుతుంది.

అందుకే హైవే మీద రోజంతా తిరిగే ట్యాక్సీ కన్నా, పొద్దున పిల్లల్ని బడి దగ్గర దింపి, రైతుబజార్ ముందు అరగంట ఆగి, బ్యాంకు దగ్గర ఇంకో అరగంట ఎండలో నిలబడి ఇంటికొచ్చే కారుకే ఈ జబ్బు ఎక్కువ. మీటర్ చూస్తే అది తక్కువ తిరిగిన బండే. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే మాత్రం "పికప్ లేదు, ఐడ్లింగ్‌లో వణుకుతోంది" అని చెప్పాల్సి వస్తుంది.

1980ల మధ్యలో అమెరికాలో కొత్తగా వచ్చిన మల్టీపోర్ట్ ఇంజెక్షన్ కార్లు ఇలాగే మొండికేశాయి. వాటి కోసం తయారైన పరీక్ష నాకు చాలా ఇష్టం, రోగం నడకను అంత నిజాయితీగా అనుకరిస్తుంది కాబట్టి. దాని పేరు ఏఎస్‌టీఎం డి 5598. 2.2 లీటర్ల టర్బో ఇంజన్ ఉన్న క్రైస్లర్ కారును గంటకు 55 మైళ్ళ వేగంతో 15 నిమిషాలు నడుపుతారు. తర్వాత 45 నిమిషాలు ఆపేస్తారు. మళ్ళీ 15 నిమిషాలు నడక, మళ్ళీ 45 నిమిషాలు విశ్రాంతి. ఇలా 10,000 మైళ్ళు, అంటే దాదాపు 16,000 కిలోమీటర్లు పూర్తవ్వాలి. ఆఖరున ఒక్కో ఇంజెక్టర్ విప్పి ఎంత ద్రవం పారుతుందో కొలుస్తారు. ఏ ఒక్క దాంట్లోనూ ప్రవాహం 5 శాతానికి మించి తగ్గకూడదు. మామూలుగా ఏ పరీక్షలోనైనా ఇంజన్‌ను అదిలించి, బెదిరించి, గరిష్ఠ వేగంలో తోలి చూస్తారు. ఇక్కడ ఇంజన్‌ను హింసించేది విశ్రాంతి.

ఇన్‌టేక్ వాల్వు కథ వేరు. పోర్ట్ ఇంజెక్షన్ ఇంజన్‌లో పెట్రోల్ తుంపర నేరుగా వాల్వు వీపు మీద పడుతుంది. అక్కడ రెండు, మూడు వందల డిగ్రీల వేడి. పైనుంచి వాల్వు గైడ్ సందులోంచి కొద్దికొద్దిగా ఇంజన్ ఆయిల్ జారుతుంది. ఈ రెండూ కలిసి మాడి నల్లటి పెచ్చు కడుతుంది. మన వర్క్‌షాపుల్లో దీన్ని స్థూలంగా కార్బన్ అంటారు. ఆ పెచ్చులో సన్నని రంధ్రాలు ఉంటాయి. పొద్దున్నే చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసినప్పుడు సిలిండర్‌లోకి వెళ్ళాల్సిన పెట్రోల్‌లో కొంత ఆ రంధ్రాల్లోకి ఇంకిపోతుంది. కంప్యూటర్ లెక్కకట్టి పంపిన పెట్రోల్ లోపలికి అందదు, ఇంజన్ దగ్గుతుంది. యాక్సిలరేటర్ వదిలినప్పుడు పీల్చుకున్నది తిరిగి వదులుతుంది, అప్పుడు మోతాదు మించుతుంది. సెన్సార్లన్నీ బాగానే ఉన్నా లెక్క కుదరని ఇంజన్ ఇది. స్కానర్ పెట్టినా అన్నిసార్లూ కోడ్ చూపించదు.

ఈ పెచ్చును తూచడానికీ ఒక ప్రామాణిక కారు ఉంది. 1985 నాటి బీఎండబ్ల్యూ 318ఐ. 10,000 మైళ్ళు రోడ్డు మీద తిప్పి, నాలుగు వాల్వులూ బయటికి తీసి, ముందు తూచిన బరువుతో పోలుస్తారు. సగటున వాల్వుకు 100 మిల్లీగ్రాములకు మించి పెరగకుంటే ఆ పెట్రోల్ నెగ్గినట్టు. పదహారు వేల కిలోమీటర్ల ప్రయాణానికి అనుమతించిన మురికి, గ్రాములో పదో వంతు.

ఇంత తక్కువ మోతాదులో పుట్టే రోగానికి మందు కూడా తక్కువ మోతాదులోనే ఉండాలి. పెట్రోల్‌లో కలిపే డిటర్జెంట్ పదిలక్షల పాళ్ళకు కొన్ని వందల పాళ్ళు. అది ఏమిటో తెలియాలంటే కుంకుడు రసం గుర్తు తెచ్చుకుంటే చాలు. కుంకుడులోని అణువుకు ఒక చివర నీళ్ళంటే ఇష్టం, రెండో చివర జిడ్డంటే ఇష్టం. జిడ్డును పట్టుకుని నీళ్ళలోకి లాగేస్తుంది. ఇంజన్‌లో నీళ్ళ స్థానం పెట్రోల్‌ది. అణువు తలలో నైట్రోజన్ ఉన్న అమీన్ గుంపు ఉంటుంది. అది మురికిలోని ఆమ్లగుణం ఉన్న భాగాలకూ, లోహపు ముఖానికీ అతుక్కుంటుంది. పొడవాటి తోక పెట్రోల్‌లో ఈదుతూ ఉంటుంది. శుభ్రమైన లోహం దొరికితే దాని మీద పలచగా పరుచుకుని మురికిని కూర్చోనివ్వదు. అప్పటికే మురికి ఉంటే దాని రేణువుల చుట్టూ మూగి, తోకలు బయటికి చాచి, పెట్రోల్‌లోకి ఎత్తుకుపోతుంది.

చెప్పుకోవడానికి ఇంతే. పనితనమంతా తోక ఎంత పొడుగుండాలి, దేనితో చేయాలి అన్న దగ్గర ఉంది. 1950లలో కార్బురేటర్ శుభ్రం కోసం వాడిన అమీన్లు చిన్న అణువులు. కార్బురేటర్ చల్లగా ఉంటుంది కాబట్టి అక్కడ సరిపోయాయి. బాగా కాగుతున్న వాల్వు మీదికి వచ్చేసరికి అవి నిలవలేవు, పని మొదలుపెట్టకముందే ఎగిరిపోతాయి. వాల్వు మీద కాసేపు కాలూనాలంటే బరువు కావాలి. అందుకని పాలీఐసోబ్యూటిలీన్ అనే పొడవాటి గొలుసును తోకగా తగిలించారు. దాని అణుభారం 1000 దరిదాపుల్లో ఉంటుంది. పెట్రోల్‌లో మామూలుగా ఉండే అణువుల భారం నూరు చుట్టుపక్కలే.

ఈ జాతి అణువుతో 1970లో అమెరికాలో షెవ్రాన్ బంకుల్లోకి వచ్చిన మందు పేరు ఎఫ్-310. అణువు మంచిదే. దాన్ని అమ్మిన పద్ధతే చూడాలి. కారు సైలెన్సర్ గొట్టానికి పారదర్శకమైన బెలూన్ కట్టారు. ముందు అది నల్లటి పొగతో నిండింది. ఆరు ట్యాంకుల ఎఫ్-310 పోసిన తర్వాత కట్టిన బెలూన్ తేటగా ఉంది. వ్యోమగామి స్కాట్ కార్పెంటర్ టీవీలో నిలబడి ఇదంతా చూపించాడు. చూపించని సంగతి ఏమిటంటే, మొదటి బెలూన్ కట్టిన కారుకు ముందుగా మురికి బాగా పట్టేలా ప్రత్యేకంగా తయారుచేసిన పెట్రోల్ పోశారు. పైగా కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, కాలని హైడ్రోకార్బన్లూ కంటికి ఆనవు. తేటగా కనబడిన బెలూన్‌లో అవి ఉండనే ఉన్నాయి. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆ ప్రకటనలు జనాన్ని తప్పుదారి పట్టించాయంది. 1978లో అప్పీలు కోర్టు కమిషన్ ఉత్తర్వు పరిధిని కుదించింది గానీ, ప్రకటనలు మోసపూరితమన్న తీర్పును నిలబెట్టింది. రసాయన శాస్త్రవేత్త ఏళ్ళ తరబడి కూర్చి తీసుకొచ్చిన సూక్ష్మమైన పని అమ్మకాల విభాగం చేతిలో బెలూన్ అయిపోవడం ఈ రంగంలో అప్పటి నుంచి ఇప్పటిదాకా నడుస్తున్న సంప్రదాయమే.

అసలు పనివాళ్ళు మాత్రం ఆ అణువులోని లోపాల మీద కూర్చున్నారు. తొలి పద్ధతిలో గొలుసుకు అమీన్ తల అతికించడానికి మధ్యలో క్లోరిన్ వాడాల్సి వచ్చేది. ఎంత కడిగినా కొంత క్లోరిన్ మందులో మిగిలేది. జర్మనీలోని బీఏఎస్‌ఎఫ్ వాళ్ళు దీనికి వెతికిన దారి అందమైంది. గొలుసు తయారుచేసే దశలోనే దాని జంటబంధం మధ్యలో కాకుండా సరిగ్గా చివరన వచ్చేలా చూశారు. అలాంటి చివర చురుగ్గా ఉంటుంది. క్లోరిన్ ప్రసక్తి లేకుండా దానికి కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ చేర్చి, ఆపైన అమ్మోనియాతో అమీన్ తల కట్టవచ్చు. తల ఎలా తగిలించాలన్న చిక్కును తల దగ్గర కాకుండా తోక పుట్టుక దగ్గర పరిష్కరించారు.

తర్వాతి లోపం చలిదేశాల వాళ్ళకే తెలిసింది. పాలీఐసోబ్యూటిలీన్ చిక్కటి జిగట పదార్థం. వాల్వు కాడకూ గైడ్‌కూ మధ్య సందులోకి చేరి, రాత్రి గడ్డకట్టే చలిలో అక్కడే బిగుసుకుంటుంది. పొద్దున వాల్వు తెరుచుకుంటుంది, మూసుకోదు. కంప్రెషన్ లేక ఇంజన్ స్టార్ట్ కాదు. శుభ్రం చేయాల్సిన మందే ఇంజన్‌ను ఆపేసింది! ఐరోపాలో దీని కోసం ఫోక్స్‌వాగన్ ట్రాన్స్‌పోర్టర్ వ్యానులోని వాసర్‌బాక్సర్ ఇంజన్‌తో ఒక పరీక్షే పెట్టారు. బండిని నడిపి, రాత్రంతా సున్నాకు బాగా దిగువ చలిలో ఉంచి, పొద్దున సిలిండర్లలో కంప్రెషన్ ఉందో లేదో చూస్తారు. మన లంబసింగిలో కూడా అంత చలి పడదు కాబట్టి మనవాళ్ళకు ఈ బాధ తెలియదు. దానికి విరుగుడుగా డిటర్జెంట్‌తో పాటు క్యారియర్ ద్రవం కలపడం మొదలైంది. వాల్వు మీద పెట్రోల్ ఆవిరైపోయాక కూడా ఇది ద్రవంగా నిలిచి, డిటర్జెంట్‌ను కదిలిస్తూ కిందికి జార్చేస్తుంది. అన్నట్టు డిటర్జెంట్ కదా, ట్యాంకులో నీళ్ళుంటే వాటినీ పెట్రోల్‌తో కలిపి తెల్లటి మడ్డి చేస్తుంది. దానికి ఇంకో మందు. తుప్పుకు మరొకటి. బంకులో పెట్రోల్ అని మనం కొనేది ఇన్ని మందులు కలిపి వండిన వంట.

అసలు పెద్ద చిక్కు ఇంకా ముందుంది. వాల్వు దాటాక అణువు దహన గదిలోకి వెళ్తుంది. అక్కడ పూర్తిగా కాలిపోకపోతే తనే మురికి అవుతుంది. పిస్టన్ తల మీద, సిలిండర్ హెడ్ లోపల పేరుకునే పొర వేడిని బయటికి పోనివ్వదు, గదిలో చోటు తగ్గిస్తుంది. దాంతో ఇంజన్‌కు కావాల్సిన ఆక్టేన్ పెరుగుతుంది. కొత్తలో మామూలు పెట్రోల్‌తో హాయిగా నడిచిన బండి, కొన్ని వేల కిలోమీటర్ల తర్వాత ఘాట్ ఎక్కేటప్పుడు టకటకమని నాకింగ్ చేయడానికి ఒక కారణం ఇదే. తొలి తరం డిటర్జెంట్లు, వాటితో వచ్చే మినరల్ ఆయిల్ క్యారియర్లు వాల్వును శుభ్రం చేసి ఆ లోపలి గదిని కొంత పాడుచేసేవి. ఒక గదిలో ఊడ్చిన చెత్తను పక్క గదిలో పోసినట్టే.

1980ల మొదట్లో షెవ్రాన్ తెచ్చిన పాలీఈథర్ అమీన్ ఇక్కడే నన్ను ముగ్ధుణ్ణి చేస్తుంది. దాని తోక ఉత్త కార్బన్ గొలుసు కాదు. కొన్ని కార్బన్లకు ఒక ఆక్సిజన్ చొప్పున వెన్నెముకలోనే కూర్చి ఉంటుంది. వాల్వు మీది వేడికి ఆ గొలుసు తట్టుకుని పని చేస్తుంది. దహన గదిలోకి వెళ్ళగానే ప్రతి ఆక్సిజన్ దగ్గరా తెగుతుంది, చిన్న ముక్కలై కాలిపోతుంది. తెగాల్సిన చోట్లు ముందే గుర్తుపెట్టి తయారుచేసిన గొలుసు అది. ఏ లంకెతో గొలుసు కట్టాలన్నది కూడా ఆలోచించి ఎంచుకున్నదే. ఇథిలీన్ ఆక్సైడ్‌తో కడితే అణువు నీళ్ళకు దగ్గరవుతుంది, పెట్రోల్‌లో ఇమడదు. ప్రొపిలీన్ ఆక్సైడ్ కొంత మేలు. బ్యూటిలీన్ ఆక్సైడ్‌తో కడితే ఆక్సిజన్ ఉండనే ఉంటుంది, పెట్రోల్‌తో పొత్తూ కుదురుతుంది. షెవ్రాన్ వాళ్ళు ఆ చివరిదాన్నే ఎంచుకున్నారు. మురికిని పట్టుకోవాలి, లోహాన్ని పట్టుకోవాలి, పెట్రోల్‌ను వదలకూడదు, వేడికి లొంగకూడదు, మంటకు మాత్రం వెంటనే లొంగిపోవాలి. ఇన్ని షరతులకు ఒప్పుకున్న అణువు ఇంకొకటి ఎక్కడ దొరుకుతుంది?

ప్రయోగశాలలో ఈ మందు వల్ల ఒక తమాషా జరుగుతుంది. పెట్రోల్‌లో బంక ఎంతుందో తెలుసుకోవడానికి కొంత పెట్రోల్‌ను గిన్నెలో పోసి, వేడి గాలితో ఆవిరి చేసి, అడుగున మిగిలినదాన్ని తూస్తారు. డిటర్జెంట్ ఉన్న మంచి పెట్రోల్‌లోనే అడుగున ఎక్కువ మిగులుతుంది, ఎందుకంటే మందు ఆవిరి కాదు. తూకం ప్రకారం అది మురికి పెట్రోల్! అందుకే ఆ గిన్నెను హెప్టేన్‌తో కడిగి మళ్ళీ తూస్తారు. మందు కరిగి కొట్టుకుపోతుంది, అసలు బంక గిన్నెను వదలదు. ఆ రెండో తూకాన్నే లెక్కలోకి తీసుకుంటారు.

అమెరికాలో 1995 నుంచి పెట్రోల్‌లో డిటర్జెంట్ తప్పనిసరి. చట్టం కనీస మోతాదు చెప్పగానే చాలా కంపెనీలు ఆ కనీసానికే దిగాయి. అంతకుముందు ఎక్కువ కలిపేవాళ్ళు కూడా. చట్టం కన్నా మెరుగైన పెట్రోల్ కావాలని 2004లో బీఎండబ్ల్యూ, జనరల్ మోటార్స్, హోండా, టొయోటా కలిసి టాప్ టియర్ అనే ప్రమాణం పెట్టుకోవాల్సి వచ్చింది. 2016లో అక్కడి వాహనదారుల సంఘం ట్రిపుల్ ఏ పరీక్ష చేయిస్తే, ఆ ప్రమాణం లేని పెట్రోళ్ళు వాల్వుల మీద సగటున 19 రెట్లు ఎక్కువ మురికి మిగిల్చాయని తేలింది.

మన బంకుల్లో స్పీడ్, పవర్, ఎక్స్‌ట్రా ప్రీమియం పేర్లతో మందు కలిపిన పెట్రోల్ వచ్చి రెండు దశాబ్దాలు దాటింది. ఎక్కువ డబ్బిచ్చి పోయించుకునేవాళ్ళలో చాలామంది అది ఆక్టేన్ కోసమనో, మైలేజీ కోసమనో అనుకుంటారు. ఆక్టేన్ వేరు, డిటర్జెంట్ వేరు. ఒకటి నాకింగ్‌ను ఆపుతుంది, రెండోది మురికిని ఆపుతుంది. స్పేర్ పార్టుల షాపులో సీసాలు కూడా ఇలాగే కలగాపులగంగా ఒకే అరలో ఉంటాయి. ఆక్టేన్ బూస్టర్ అని రాసి ఉన్న కొన్నిటిలో మాంగనీస్ సమ్మేళనం ఉంటుంది. అది స్పార్క్ ప్లగ్ మీద ఇటుకరంగు పూత వదులుతుంది. శుభ్రం చేద్దామని పోసి కొత్త మురికి కొని తెచ్చుకోవడం అంటే ఇదే. ఇంజెక్టర్ క్లీనర్ అని ఉన్నవాటిలోనూ కొన్ని దాదాపు కిరసనాయిలు జాతి ద్రావకాలే. ముందువైపు లేబుల్ మీద మంటలూ రేసు కార్లూ చూడకుండా, కంపెనీ ఇచ్చే భద్రతా పత్రంలో పాలీఈథర్ అమీన్ పేరు, శాతం ఉన్నాయా అని చూడాలి. ఆ పేరు రాయడానికి ఇష్టపడని కంపెనీ సీసా నేనైతే కొనను.

సీసా పోయడంలో లెక్క సులువే. 300 మిల్లీలీటర్ల సీసాలో మూడో వంతు అసలు మందు ఉందనుకోండి. 45 లీటర్ల పెట్రోల్‌లో కలిస్తే పదిలక్షలకు 2,200 పాళ్ళు. బంకు పెట్రోల్‌లో ఉండే మోతాదుకు కొన్ని రెట్లు. ఉన్న శుభ్రాన్ని కాపాడటానికి కొంచెం చాలు, పేరుకున్నదాన్ని వదిలించడానికి ఇంత కావాలి. ముందు సీసా పోసి తర్వాత పెట్రోల్ కొట్టించుకుంటే బాగా కలుస్తుంది. ఆ ట్యాంకును ఊళ్ళో తిప్పి ఖర్చు చేయడం కన్నా దూరప్రయాణంలో పెట్టడం మేలు. మందులో కొంత పిస్టన్ రింగుల పక్కనుంచి ఇంజన్ ఆయిల్‌లోకి దిగుతుంది కాబట్టి ఆయిల్ మార్చే ముందు పోయడం తెలివైన పని. అరిగిన రింగులు, చచ్చిన ఇగ్నిషన్ కాయిల్, బలహీనపడ్డ పెట్రోల్ పంపు వీటికి ఏ సీసా పనికిరాదు. అవి బాగవుతాయని చెప్పే దుకాణదారుడి దగ్గర్నుంచి లేచి రావచ్చు.

సీసాతో ఒక ఇబ్బంది, పని జరిగిందో లేదో కంటికి కనబడదు. కంటితో చూడాలనుకునేవాళ్ళు విజయవాడ ఆటోనగర్ లాంటి చోట కాలిబ్రేషన్ షాపుకు వెళ్ళాలి. అక్కడ ఇంజెక్టర్లు విప్పి అల్ట్రాసోనిక్ తొట్టిలో వేస్తారు. తర్వాత వరసగా బెంచికి బిగించి ఒక్కోదాని కింద ఒక్కో కొలగాజు పెడతారు. అన్నిటికీ ఒకే ఒత్తిడి, ఒకే సంఖ్యలో పల్సులు. గాజుల్లో ద్రవం మట్టం సమానంగా లేవాలి. ముందు ఇంజెక్టర్లు మూసి ఉండగానే ఒత్తిడి ఇచ్చి చుక్క కారుతోందా అని చూస్తారు, తర్వాత మినుకు మినుకుమనే లైటు వెలుగులో తుంపర ఆకారం చూస్తారు. నాలుగూ సమానంగా కురుస్తున్నా ఒకదాని తుంపర ఓ వైపు వాలిందంటే మంచి పనివాడు దాన్ని మళ్ళీ తొట్టిలో వేస్తాడు. ఇంజెక్టర్ లోపలి బుల్లి ఫిల్టరూ రబ్బరు రింగులూ మార్చకుండా బిగించేవాడి దగ్గరికి రెండోసారి వెళ్ళనవసరం లేదు.

ఇంత పనితనమున్న అణువుకు గత కొన్నేళ్ళుగా కొత్త చిక్కు వచ్చింది. 1996లో మిత్సుబిషి జీడీఐతో విస్తరించడం మొదలై ఇప్పుడు మన రోడ్ల మీది టీఎస్‌ఐ, టర్బో జీడీఐ కార్ల దాకా వచ్చిన డైరెక్ట్ ఇంజెక్షన్‌లో పెట్రోల్ నేరుగా సిలిండర్‌లోనే పడుతుంది. ఇన్‌టేక్ వాల్వు మీద చుక్క కూడా పడదు. క్రాంక్‌కేసు నుంచి వచ్చే ఆయిల్ ఆవిరి మాత్రం ఎప్పటిలాగే వచ్చి అక్కడ మాడుతుంది. ట్యాంకులో ఎంత ఖరీదైన మందు పోసినా ఇంజెక్టర్ మొననూ దహన గదినీ కడుగుతుంది గానీ ఆ వాల్వు గడప తొక్కదు. మానిఫోల్డ్ విప్పి, అక్రోట్ పెంకుల పొడిని గాలి ఒత్తిడితో కొట్టి పెచ్చు ఊడదీయాల్సిందే. ఆ పెంకు కార్బన్‌ను రాలగొట్టేంత గట్టిది, లోహాన్ని గీయలేనంత మెత్తది. పొరపాటున రవ్వంత సిలిండర్‌లోకి పోయినా కాలిపోతుంది. టొయోటా 2005లో లెక్సస్ కారులో డీ-4ఎస్ పేరుతో సిలిండర్ ఇంజెక్టర్ ఉండగానే పాత పోర్ట్ ఇంజెక్టర్‌ను కూడా పక్కన పెట్టింది. తక్కువ వేగంలో గాలీ పెట్రోలూ బాగా కలవాలన్నది ప్రధాన కారణం. దానితో పాటు వాల్వు వీపు మీద మళ్ళీ పెట్రోల్ పడసాగింది, దానిలోని డిటర్జెంట్‌కు పోయిన ఉద్యోగం తిరిగొచ్చింది.